బుధవారం రా, పెద్దమ్మా

కచేరీ కిటికీకి లోపలివైపు కూర్చున్నవాడికి లోకమంతా జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఆ కంతలోంచి ఒక చెయ్యి వస్తుంది. ఆ చేతిలో ఒక కాగితం వుంటుంది. కాగితం సరిగా వుంటే పుచ్చుకుంటాము. లేకపోతే తిప్పి పంపుతాము. ఆ చెయ్యి యెవరిదో తలెత్తి చూడాలని వుద్యోగ నిబంధనల్లో యెక్కడా లేదు. యిరవై యేళ్ళకు పైగా నేను చేస్తున్న పని యిదే.

మాది షోలాపూరు. మా తాత కరీంనగరు వైపునుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చాడట. మా నాన్న టవళ్ళ కార్ఖానాలో సాంచాల దగ్గర చెవులు పోగొట్టుకున్నాడు. నేను యెలాగో మెట్రిక్ గట్టెక్కి, మగ్గం తప్పించుకుని కుర్చీ యెక్కాను. యింట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. రెండూ వచ్చినందువల్ల వూరి తూర్పు పేటలోని మనవాళ్ళంతా మిగతా కిటికీలు ఖాళీగా వున్నా నా కిటికీ దగ్గరే వరుస కడతారు. "మనోడున్నడు, మనోడు చెప్తడు" అంటారు. యీ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే వుండేది. 2022 ఆగస్టు దాకా వుండేది.

మా కచేరీలో యిచ్చేవి దాఖలాలు. అందులో యెక్కువగా అడిగేది ఆదాయపు దాఖలా. "యీ మనిషికి యేడాదికి యింతే వస్తుంది" అని సర్కారు రాసియిచ్చే కాగితం. పిల్లవాడి ఫీజు మాఫీకి అది కావాలి, ముసలివాళ్ళ పింఛనుకు కావాలి, ఆసుపత్రిలో బిల్లు తగ్గడానికి కావాలి. బీదవాడు తాను బీదవాడినని చెప్తే చాలదు, కాగితం చెప్పాలి.

ఆ యేడు ఆగస్టు 12, శుక్రవారం. మార్కండేయుని రథోత్సవపు సందడి పేటలో యింకా సద్దుమణగలేదు. సాయంకాలం నాలుగుంబావుకు కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళ కొసలు తునికాకు మరకతో నల్లగా వున్నాయి. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. మా వాడకట్టు పెద్దమ్మది. నేను పసివాణ్ణిగా వున్నప్పుడు మా అమ్మ కార్ఖానాకు పోతే, పెద్దమ్మ ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. నాకు లెక్కపెట్టడం నేర్పింది బడి కాదు, ఆవిడ కట్టే బీడీ కట్టలు.

"బిడ్డా, పెద్దబాపు సాంచ కాడ్నే పడిపోయిండు. ఒక చెయ్యి, ఒక కాలు వస్తలేవు. సర్కారు దవాఖానల మంచం లేదన్నరు. ట్రస్టు దవాఖానకు తీస్కపోతె నలభై వేలు డిపాజిట్ గట్టుమన్నరు. ఆదాయం దాఖలా వుంటె మాఫైతదని ఆడ ఒకాయన చెప్పిండు. జెర జల్ది రాసియ్యి కొడుకా."

నేను కాగితాలు చూశాను. తలాఠీ నివేదిక జతపరచలేదు. రేషన్ కార్డు నకలు మసకగా వుంది. సాహెబు నాలుగింటికే జిల్లా కచేరీ మీటింగుకు వెళ్ళిపోయారు. యివన్నీ నిజమైన కారణాలే. రేపు శనివారం, యెల్లుండి ఆదివారం. సోమవారం ఆగస్టు పదిహేను. మంగళవారం పార్శీల సంవత్సరాది, అదీ సెలవే. వేళ్ళ మీద లెక్కపెట్టి ఆవిడకు మెత్తగా చెప్పాను.

"బుధవారం రా, పెద్దమ్మా."

ఆవిడ నన్ను యేమీ అనలేదు. బతిమాలలేదు. "అట్లనే బిడ్డా" అని కాగితాలు కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నేను కిటికీ మూసి, యింటికి పోయేదారిలో పిల్లలకు కాగితపు జెండాలు కొన్నాను. స్వాతంత్ర్యం వచ్చి 75 యేళ్ళయిందని ఆ యేడు ప్రతి యింటి మీదా జెండా.

బుధవారం పది గంటలకల్లా ఆవిడ వచ్చింది. దాఖలా సిద్ధంచేసి, సంతకం పెట్టించి, నేనే బయటికి వెళ్ళి చేతికిచ్చాను. అప్పుడు చూశాను, ఆవిడ మెడలో పుస్తెలు లేవు. దారానికి పసుపుకొమ్ము కట్టివుంది. ఒక్క క్షణం నా గుండె ఆగింది. పెద్దబాపు పోతే పసుపుకొమ్ము మాత్రం యెందుకుంటుందని మరుక్షణం తోచి వూపిరి పీల్చుకున్నాను. పుస్తెలు సావుకారు దగ్గరకు వెళ్ళాయి. శుక్రవారం రాత్రే డిపాజిట్ కట్టారు. దాఖలా పట్టుకుని ఆసుపత్రికి పోతే, చేర్చేటప్పుడే చూపించవలసిందనీ, కట్టిన సొమ్ము తిరిగిరాదనీ అక్కడి కిటికీలో యెవరో చెప్పారట. అతనూ నావంటి గుమాస్తానే అయివుంటాడు.

పెద్దబాపు బతికాడు. కాలు యీడుస్తూ నడుస్తాడు. సాంచ దగ్గరికి మళ్ళీ పోలేదు.

కొన్నాళ్ళకు ఒక పాత వకీలుగారితో, మరాఠీ ఆయన, మాటల్లో యీ సంగతి చెప్పాను. నా మనసు తేలికపడుతుందని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నావంక చూసి, "ఆ రాత్రి నీ దాఖలా అక్కర్లేదు కదయ్యా!" అన్నారు.

ఆయన చెప్పింది యిది. మన రాష్ట్రంలో ధర్మాదాయపు ట్రస్టుల కింద నడిచే ఆసుపత్రులు పన్ను రాయితీ మొదలైన సౌకర్యాలు పొందుతూ, బీదలకు యివ్వవలసిన పడకలు యివ్వడం లేదని 2004లో బొంబాయి హైకోర్టులో ఒక ప్రజాహిత వ్యాజ్యం పడింది. దాని ఫలితంగా 2006లో హైకోర్టు ఒక పథకం ఖాయపరచింది. అటువంటి ఆసుపత్రిలో నూటికి పది పడకలు నిరుపేదలకు వుచితం. మరి పది పడకలు తక్కువ ఆదాయం వాళ్ళకు తగ్గింపు ధరకు. అందుకయ్యే ఖర్చుకోసం ఆసుపత్రి తాను వేసే బిల్లుల్లో నూటికి రెండు రూపాయలు విడిగా ఒక నిధిలో వెయ్యాలి. అన్నిటికంటె ముఖ్యం: ప్రాణంమీదికి వచ్చిన రోగిని వెంటనే చేర్చుకోవాలి. డిపాజిట్ అడగరాదు. కాగితాలు తరువాత చూసుకోవచ్చు.

అంటే, ఆ శుక్రవారం పెద్దమ్మ నా కిటికీకి రావలసిన పనే లేదు. "డిపాజిట్ కట్టనవసరం లేదు, ముందు చేర్చుకోమను, అడ్డుచెప్తే ధర్మాదాయ ఆయుక్తుని కచేరీకి పోదాం" అని నేను ఒక్క మాట చెప్పివుంటే పుస్తెలు మెడలోనే వుండేవి. ఆ మాట చెప్పడానికి సాహెబు సంతకం అక్కర్లేదు, తలాఠీ నివేదిక అక్కర్లేదు. తెలిసివుంటే చాలు. పదహారేళ్ళుగా వున్న పథకం, దాఖలాలు రాసే నాకే తెలియదు.

ఆ సిగ్గుతోనే నేను కోర్టు తీర్పులు చదవడం మొదలుపెట్టాను. నా యింగ్లీషు మెట్రిక్ యింగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని, రాత్రిళ్ళు రెండేసి పేజీలు చదివేవాణ్ణి. తెలియనిచోట వకీలుగారిని అడిగేవాణ్ణి. అలా చదివినవాటిలో రెండు మూడు మన యిళ్ళలో తెలిసివుండాలని యీ వ్యాసం.

మొదటిది హకీం షేక్ కథ. పశ్చిమ బెంగాలులో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడు. 1992 జులై 8న సాయంకాలం మథురాపూర్ స్టేషనులో రైలునుంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలింది. అక్కడి ఆరోగ్యకేంద్రంలో సాధనాలు లేవన్నారు. కలకత్తా తీసుకుపోయారు. రాత్రి పన్నెండుకు కొంచెం ముందు ఒక పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, వెంటనే చేర్చాలన్నారు. కాని మంచం లేదన్నారు. అర్ధరాత్రి దాటాక మరొకచోట. ఒంటిగంటకు యింకొకచోట. రెండు గంటలకు యింకొకటి. తెల్లవారి యెనిమిదింటికి మరొకటి. ఒకచోట మంచం లేదు, మరొకచోట ఆ వైద్యవిభాగమే లేదు. అన్నీ సర్కారువే. చివరకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, 22వ తేదీదాకా వుండి, సుమారు 17 వేల రూపాయలు ఖర్చుపెట్టుకుని బతికాడు.

కూలీల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం అన్నమాట ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. మంచం లేకపోతే తాత్కాలికంగా నేలమీదనైనా పడుకోబెట్టి, ఖాళీ అయినప్పుడు మంచం మీదికి మార్చివుండవచ్చు కదా అని. యెంత మామూలు మాట! మన యిళ్ళలో పెళ్ళికి బంధువులు యెక్కువైతే చెయ్యమూ? చాపలు పరుస్తాము కాని, "మంచాల్లేవు, వెనక్కి పోండి" అంటామా?

1996 మేలో తీర్పు వచ్చింది. అవసరానికి వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం యిచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పి, ఆయనకు 25 వేల రూపాయలు పరిహారం యిప్పించింది. డబ్బు లేదు అన్న కారణంతో ప్రభుత్వం యీ బాధ్యత తప్పించుకోరాదని కూడా చెప్పింది. యే ఆసుపత్రిలో యెన్ని మంచాలు ఖాళీగా వున్నాయో ఒకచోట తెలిసే యేర్పాటు వుండాలనీ, అంబులెన్సులు వుండాలనీ, యిది ఒక్క బెంగాలుకే కాక మిగతా రాష్ట్రాలూ పాటించాలనీ అన్నది. అది సుప్రీంకోర్టు మాట గనుక షోలాపూరుకైనా, బరంపురానికైనా, యానానికైనా వర్తిస్తుంది.

రెండవది ఢిల్లీ కథ. వూరు విడిచి వచ్చిన మనబోటివాళ్ళకు యిది మరీ దగ్గరిది. ఢిల్లీలో వుత్తరప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా గురు తేగ్ బహదూర్ ఆసుపత్రి వుంది. సరిహద్దు అవతలివాళ్ళు వచ్చి రద్దీ పెంచుతున్నారని 2018లో ఢిల్లీ ప్రభుత్వం ఒక వుత్తరువు తీసింది. నూటికి 80 పడకలు ఢిల్లీవాళ్ళకే. వుచిత మందులూ పరీక్షలూ కూడా ఢిల్లీ వోటరు కార్డు వున్నవాళ్ళకే. ఆ అక్టోబరు నుంచి అమలు మొదలైంది. సోషల్ జ్యూరిస్ట్ అనే సంస్థ హైకోర్టులో దావా వేసింది. అదే నెల 12వ తేదీన హైకోర్టు ఆ వుత్తరువును కొట్టివేసింది. రోగులను వూరునుబట్టి విడదీయడం సమానత్వానికీ, జీవించే హక్కుకూ విరుద్ధమన్నది. సౌకర్యాలు చాలకపోతే పెంచుకోవాలిగాని మనుషులను తగ్గించడం పరిష్కారం కాదని దాని సారాంశం.

యిది చదివినప్పుడు నాకు మా మేనత్త గుర్తుకు వచ్చింది. ఆవిడది తెలంగాణ. జబ్బుచేస్తే తమ్ముడింటికని యిక్కడికే వచ్చేది. మా పేటలో యింటింటికీ అటువంటి అత్తో, అన్నో వుంటారు. మనలోనూ మందుకోసం హైదరాబాదు పోయేవాళ్ళు వున్నారు. యీ సరిహద్దు గీతలు మన వంశవృక్షాల మధ్యనుంచి పోయాయి. "నీది యే వూరు?" అని మొదట అడిగే కిటికీ, యేదో ఒకరోజు మనలో ప్రతివాణ్ణీ బయట నిలబెడుతుంది. "నొప్పి యెక్కడ?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఢిల్లీ తీర్పు మిగతా రాష్ట్రాల కోర్టులను కట్టిపడెయ్యదు గాని, వాదించేటప్పుడు చూపించుకోవడానికి గట్టి ఆధారమే.

అయితే కోర్టుకు పోయినవాడల్లా గెలిచాడని చెబితే నేను అబద్ధమాడినట్టే. పంజాబు ప్రభుత్వం తన వుద్యోగులకు తిరిగియిచ్చే వైద్యఖర్చు మీద 1995లో పరిమితి పెట్టింది. వుద్యోగులు దావా వేశారు. 1998లో సుప్రీంకోర్టు ఆ పరిమితిని సమర్థించింది. యే ప్రభుత్వం దగ్గరా అంతులేని డబ్బు వుండదన్నది. వుద్యోగిగా నాకు అది చదివి కష్టంగానే తోచింది. తరువాత ఆలోచిస్తే, రెండు తీర్పుల మధ్యా నాకొక తేడా కనిపించింది. నావంటివాడు పెద్ద ఆసుపత్రిలో పెట్టిన ఖర్చు మొత్తం రాలేదనడం ఒక బాధ. తల పగిలినవాణ్ణి ఆరు గుమ్మాల నుంచి తిప్పి పంపడం వేరే బాధ. మొదటిదానిలో నాకు సర్దుకునే జీతం వుంది. రెండవవాడికి సర్దుకునే వ్యవధి కూడా లేదు.

మూడవది మన పొరుగుది. 2023 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నాందేడులోని ప్రభుత్వ ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. అందులో పన్నెండుమంది పసికందులు. నాందేడు అంటే మనవాళ్ళు నిండుగా వున్న వూరు, తెలంగాణ పక్కనే. యెవరూ దావా వెయ్యకుండానే బొంబాయి హైకోర్టు తనంత తాను విచారణ చేపట్టింది. యెన్ని వుద్యోగాలు ఖాళీగా వున్నాయి, మందుల కొనుగోలు యెలా జరుగుతోంది, వైద్యానికి యెంత డబ్బు కేటాయించారు అని లెక్కలడిగింది.

లెక్కలు అన్న మాట దగ్గర నేను ఆగాను. వైద్యంలో కోత అంటే యెవరో పెద్దవాళ్ళు కత్తెర పట్టుకుని కోసే దృశ్యం మన మనసుకు వస్తుంది. ఫైళ్ళు మోసే నాకు తెలిసిన కోత అలా వుండదు. రిటైరయిన నర్సు స్థానం నింపరు. మందుల ఇండెంటు పై కచేరీలో ఆరు నెలలు వుంటుంది. చీటీ మీద "బయట కొనుక్కోండి" అని రాస్తారు. జనం పెరిగినా మంచాలు పెరగవు. కొత్త కార్డు ఒకటి అడుగుతారు. యే ఒక్క కాగితం మీదా "బీదవాడికి వైద్యం ఆపండి" అని వుండదు. అన్నీ కలిసి చివరకు ఒక కిటికీ దగ్గరికి వచ్చి, ఒక గుమాస్తా నోట మెత్తని మాటగా వెలువడతాయి. ఆ మాట యేమిటో నాకు తెలుసు. నేనే అన్నాను.

అందుచేత యెంత గొప్ప తీర్పయినా కిటికీలో కూర్చున్నవాడికీ, కిటికీ ముందు నిలబడ్డవాడికీ తెలియకపోతే బీరువాలో వున్న మందువంటిది. దావా వేసినవాళ్ళు తమ పని తాము చేశారు. కోర్టు చెప్పవలసింది చెప్పింది. ఆ మాటను వీధిదాకా మోసుకురావలసింది మనం.

నేను చేసింది చాలా కొద్ది. పథకంలోని ముఖ్యాంశాలు తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, సాహెబు అనుమతితో కిటికీ పక్కన అంటించాను. ఆసుపత్రి కోసం దాఖలా అడిగేవాళ్ళ కాగితాలు విడిగా యెర్రతాడు కట్టిన ఫైలులో పెడుతున్నాను. ఆ ఫైలు కనబడితే సాహెబు మీటింగుకు పోయేముందు ఒకసారి కూర్చుంటారు. తలాఠీకి నేనే ఫోను చేస్తాను. యిందులో చట్టవిరుద్ధం యేమీ లేదు. ఆ శుక్రవారం కూడా యిదంతా చెయ్యవచ్చు. చెయ్యాలని తోచలేదు, అంతే.

మన యిళ్ళవాళ్ళకు నా మనవి కూడా కొద్దిదే. జబ్బు వచ్చాక కాగితాలకోసం తిరగకండి. ఆదాయపు దాఖలా, రేషన్ కార్డు యేడాదికొకసారి సరిచూసి ఒక సంచిలో పెట్టుకోండి. మహారాష్ట్రలో వున్నవాళ్ళు ట్రస్టు ఆసుపత్రిలో "ధర్మాదాయపు పడక" అని పేరుపెట్టి అడగండి. ప్రాణాపాయమైతే డిపాజిట్ దగ్గర ఆగిపోకండి. కాదంటే, యెవరు కాదన్నారో, యే గంటకు అన్నారో రాసిపెట్టుకోండి. హకీం షేక్ దావాలో నిలిచినవి ఆ గంటలూ నిమిషాలే. మిగతా రాష్ట్రాలవాళ్ళు అక్కడి నిబంధనలు తెలిసిన ఒక వకీలునో, కార్మిక సంఘంవాళ్ళనో కనుక్కుని మన సంఘం గోడమీద రాసిపెట్టండి.

పెద్దమ్మ పుస్తెలు రెండు దీపావళుల బీడీ బోనసుతో విడిపించుకుంది. నేను కొంత సర్దుతానంటే ఒప్పుకోలేదు. మొన్న దాఖలా కొత్తది చేయించుకోవడానికి వచ్చింది. కంతలోంచి ఆ నల్లని వేళ్ళు కనబడగానే తలెత్తి చూశాను.

"బుధవారం రావాల్నా, బిడ్డా?" అన్నది.

నవ్వుతూ అన్నదో, గుర్తుపెట్టుకుని అన్నదో ఆ ముఖంలో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

"లోపలికి వచ్చి కూర్చో పెద్దమ్మా, యిప్పుడే అయిపోతుంది" అన్నాను.